నా గురించి నలుగురినీ అడిగారు

నాకు ఉద్యోగం వచ్చింది, వచ్చి కూడా కొన్నాళ్ళు రాలేదు. ఈ మాట ఎవరితో అన్నా నన్ను ఎగాదిగా చూస్తున్నారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

ఊరి చివర ఎత్తయిన గోడ వెనక ఒక ప్రభుత్వ ప్రయోగశాల ఉంది. లోపల ఏం జరుగుతుందో బయటివాళ్ళకి తెలియదు, లోపలివాళ్ళు పెదవి విప్పరు. అక్కడ ఒత్తిడి కొలిచే మీటర్లు సరిచూడడానికి మనిషి కావాలని ప్రకటన వేశారు. నాకు వచ్చిన పని అదొక్కటే. ఆవిరి గొట్టాల మీద, గ్యాసు సిలిండర్ల మీద చిన్న గడియారంలా గుండ్రంగా ఉండి, లోపల ముల్లు ఊగుతూ ఉంటుందే, ఆ మీటరు. అది చెప్పేది నిజమో అబద్ధమో తేల్చడం నా పని. పరీక్ష రాశాను, చేతిపని చూపించాను, ఇంటర్వ్యూలో పెద్దమనుషులు తలలూపారు. ఎంపికైనట్టు ఉత్తరం కూడా వచ్చింది. ఆ ఉత్తరం అడుగున ఒక వాక్యం ఉంది. భద్రతా విచారణ ముగిసి, అభ్యంతరం లేదని తేలిన తర్వాతే పనిలో చేరాలి.

ఆ ఒక్క వాక్యం నన్ను కాలుగాలిన పిల్లిని చేసింది. ఇలాంటి ఉద్యోగాలకి వయసు పరిమితి ఉంటుంది, నాకు ఇదే ఆఖరి ఏడాది. నెలాఖరులోగా విచారణ తేలకపోతే జాబితాలో నా తర్వాత పేరున్న మనిషిని పిలుస్తారు. నేను పనిచేస్తున్న రిపేరు షాపులో యజమాని అప్పుడే నా స్టూలు మీద ఇంకొకర్ని కూర్చోబెట్టి పని నేర్పడం మొదలుపెట్టాడు. పైగా, "నువ్వెలాగూ వెళ్ళిపోయేదానివే కదా తల్లీ" అని నాకే టీ పోసి ఇచ్చాడు. ఆ టీ ఎలా మింగానో నాకే తెలుసు.

విచారణకి ముందు పెద్ద దరఖాస్తు నింపాలి. పుట్టిన చోటు, చదివిన బడి, ఉన్న ఇళ్ళు, చేసిన పనులు, తెలిసినవాళ్ళు. అందులో ఒక ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. ఎప్పుడైనా పోలీసులు అదుపులోకి తీసుకున్నారా? కేసు లేకపోయినా రాయాలి.

తీసుకున్నారు. నేను అంతకుముందు పనిచేసిన మీటర్ల ఫ్యాక్టరీ ఒక పొద్దున ఉన్నట్టుండి మూతపడింది. మేం వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది, మా పనిముట్లన్నీ లోపల ఉన్నాయి. తాళం తీసేదాకా కదలం అని రోడ్డు మీద కూర్చున్నాం. పోలీసులు వచ్చి మమ్మల్ని వ్యానెక్కించి, స్టేషన్ ఆవరణలో కూర్చోబెట్టి, పేర్లు రాసుకుని సాయంత్రం పొమ్మన్నారు. కేసూ లేదు, గీసూ లేదు. తోటివాళ్ళతో కలిసి నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ భోజనం వడ్డించి పెట్టింది, ఎక్కడికి వెళ్ళావని అడగలేదు. మర్నాడు పొద్దున మాత్రం, "నిన్నటి సంగతి ఈ ఇంట్లో మళ్ళీ ఎత్తకు" అంది. ఎవరో చెవిన వేసి ఉంటారనుకున్నాను. అప్పటినుంచీ ఆ రోజు గురించి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరూ అంటే ఉన్నది మేమిద్దరమే, నాన్న నా చిన్నప్పుడే పోయారు.

ఉన్నదున్నట్టు రాసేశాను. వ్యాను, స్టేషను, సాయంత్రం, అన్నీ. మీటరు చూసేవాళ్ళకి అదొక జబ్బు, ముల్లు ఎక్కడుందో అక్కడే చదువుతాం. దరఖాస్తు కవరులో పెట్టి, అంటించి, పంపేశాను. అమ్మకి చూపించలేదు. అడిగితే చూపించేదాన్ని.

ఇక అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ రిటైరైన టీచరు. ఆవిడ పాఠం చెప్పే పద్ధతి ఒకటే. ప్రశ్న, జవాబు, పదిసార్లు పలకడం. జవాబులో ఒక్క మాట మారినా మళ్ళీ మొదటినుంచీ. ఆవిడ దగ్గర చదివినవాళ్ళు పెద్దవాళ్ళయి, పిల్లల్ని కన్న తర్వాత కూడా, రోడ్డు మీద ఆవిడ కనిపిస్తే చొక్కా బొత్తాం పెట్టుకుంటారు. మా పక్కింటి నర్సక్క ఆ బాపతే. ఆస్పత్రిలో డాక్టర్లకే ఎదురు చెబుతుందట, అమ్మ గుమ్మంలోకి వస్తే మాత్రం లేచి నిలబడుతుంది.

ఎవరో ఒకరు వచ్చి ఇరుగుపొరుగుని అడుగుతారని తెలియగానే అమ్మ ఒంట్లోకి పాత ప్రాణం వచ్చింది. మా ఎదురింటి పోస్టు బాబాయిని, అంటే రిటైరైన పోస్టుమాన్‌ని, మెట్ల దగ్గర నిలబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"అమ్మాయి ఎలాంటిది అని అడుగుతారు. ఏమంటారు?"

"బంగారమంటానమ్మా."

"బంగారం కాదు. నెమ్మదస్తురాలు. క్రమశిక్షణ గలది. వేళకు వెళ్ళి వేళకు వచ్చును. ఏనాడూ ఏ గొడవలోనూ పాల్గొని ఎరుగదు. ఏదీ, చెప్పండి."

పోస్టు బాబాయి పాపం నోరు తిరగక చెమటలు కక్కుకున్నారు. నర్సక్క ఒక్క గుక్కలో అప్పజెప్పేసి, శభాష్ అనిపించుకుంది. నేను షాపు నుంచి వస్తూ ఈ తతంగం చూసి నవ్వుకున్నాను. ఎదురు చెబితే నన్ను కూడా పలకమంటుందేమోనని భయం. ఆ నాలుగో వాక్యం నా దరఖాస్తుకి అడ్డం తిరుగుతుందన్న సంగతి ఆ నవ్వులో నాకు తట్టలేదు.

కింద మెట్ల పక్క గదిలో బట్టలు కుట్టే మిషనత్తకి మాత్రం ఈ పాఠం అందలేదు. అమ్మకీ ఆవిడకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకరి గదిలో ఒకరు ఉండేవారు, "వదినా" అంటే "వదినా" అనుకునేవారు. తర్వాత మేం మూడో అంతస్తులో ఆరేసిన తడిబట్టలు కారి ఆవిడ కత్తిరించి పెట్టుకున్న గుడ్డల మీద పడ్డాయని గొడవైంది. అంత చిన్నదానికి మాటలు మానేస్తారా అని నాకు అప్పుడే విసుగొచ్చింది. అమ్మ ఆ గది ముందు నుంచి ముఖం తిప్పుకుని నడుస్తుంది. ఆవిడ మిషను చప్పుడు పెంచుతుంది.

విచారణకి వచ్చినాయన సన్నగా, పొడుగ్గా, జలుబుతో ఉన్నారు. భుజానికి ఒక తోలు సంచి, దాని పట్టీ తెగిపోతే పిన్నీసుతో ఆపినట్టుంది. నన్ను చూసి, "మీరు లోపలి గదిలో కూర్చోండమ్మా, పిలిస్తే తప్ప రావద్దు" అన్నారు. కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి కాబట్టి ప్రతి మాటా వినిపిస్తోంది.

"ఈ అమ్మాయి మీకు ఎంతకాలంగా తెలుసండి?" అని ఎదురింట్లో అడిగారు.

"నెమ్మదస్తురాలు" అన్నారు పోస్టు బాబాయి.

"ఎంతకాలంగా తెలుసని అడిగానండి."

"చిన్నప్పటినుంచీ. నెమ్మదస్తురాలు. క్రమశిక్షణ గలది. వేళకు వెళ్ళి... వెళ్ళి..."

"వేళకు వచ్చును" అంది నర్సక్క, ఆవిడని ఎవరూ అడక్కపోయినా, తన గుమ్మంలోంచి. "ఏనాడూ ఏ గొడవలోనూ పాల్గొని ఎరుగదు."

ఆయన ముక్కు చీదుకున్నారు. తర్వాత మా ఇంట్లోకి వచ్చి అమ్మ ఎదురుగా కూర్చున్నారు. అమ్మ అదే పాఠం, అదే వరసలో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చెప్పింది. నాకు లోపల ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. మీటర్ల పనిలో మాకు ఒక సంగతి తెలుసు. పక్కపక్కన పెట్టిన మీటర్లన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే అంకె చూపిస్తే సంతోషపడకూడదు. ముళ్ళు అంటుకుపోయాయేమో అని ముందు తట్టి చూడాలి.

ఆయన తట్టి చూశారు. "పోలీసులతో ఎప్పుడైనా ఏమైనా జరిగిందాండి? చిన్నదైనా సరే."

చెప్పమ్మా, చెప్పెయ్యి అని మనసులో అనుకుంటూ తలుపు గడియ పట్టుకున్నాను.

"మా గుమ్మం ఏ పోలీసూ తొక్కలేదండి" అంది అమ్మ. "మా అమ్మాయి వాళ్ళ ముఖం కూడా చూసి ఎరగదు."

"మీకు ఖాయంగా తెలుసా?"

"కన్నతల్లిని. నాకు తెలియకుండా ఏం జరుగుతుంది?"

ఆయన ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగేదాకా ఆగి నేను బయటికి వచ్చాను.

"నేను రాశానమ్మా."

"ఏం రాశావు?"

"వ్యాను సంగతి. స్టేషను సంగతి. అన్నీ రాశాను."

అమ్మ కుర్చీ చేతులు పట్టుకుని కళ్ళద్దాల్లోంచి నావైపు చూసింది. "కొంప ముంచావే. రాసేముందు నన్నో మాట అడగొద్దా?"

"చెప్పేముందు నన్నో మాట అడగొద్దా?"

"నీ మంచికే కదా."

"నా మంచికి మొత్తం మేడంతటికీ అబద్ధం నేర్పావు. పోస్టు బాబాయికి రాత్రి నిద్రలో కూడా అదే వస్తుంది."

అమ్మ లేచి వంటగదిలోకి వెళ్ళి గిన్నెల్ని చప్పుడు చేసింది. నేను బయటికి పోయి రోడ్డు చివరిదాకా నడిచి, ఏం తోచక వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకే చిరాకు. పోస్టు డబ్బా మూత ఎన్నిసార్లు ఎత్తి చూశానో, ఫోను ఎన్నిసార్లు చెవి దగ్గర పెట్టుకున్నానో. షాపులో నా స్టూలు మీద కూర్చున్న కొత్తమనిషి, "అక్కా, ఈ ముల్లు సున్నాకి రావట్లేదు" అంటే, "నాకూ రావట్లేదు" అని కసిరాను. రోడ్డు మీద ఎవరైనా రెండుసార్లు నావైపు చూస్తే విచారణ మనిషేమో అనిపించేది. చివరికి నన్ను నేనే విచారించుకోవడం మొదలుపెట్టాను. నిజంగా నేను నమ్మదగిన మనిషినేనా? ఈ ప్రశ్న వేసుకున్న కొద్దీ నాకు నేనే దొంగలా కనిపించాను.

ఆఖరికి ఆయన నన్ను ఆఫీసుకి పిలిచారు. రెండు కుర్చీలు, ఒక బల్ల, తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్న ఫ్యాను. జలుబు ఇంకా తగ్గినట్టు లేదు.

"మీరు రాసింది స్టేషన్‌లో సరిచూశాం. మీ పేరుంది, కేసు లేదు. ఉన్నదున్నట్టు రాశారు. నాకు దాంతో ఇబ్బంది లేదమ్మా."

"మరి ఇబ్బంది దేనితోనండి?"

"మీ ఇంటితో. అందరూ ఒకే చిలకపలుకులు పలికారు. నేర్పించింది మీరైతే, మీ మాట మీద నమ్మకం పోతుంది. మీరు కాదు, మీ అమ్మగారికి నిజంగానే ఆ సంగతి తెలియదు అనుకుందాం. అప్పుడది మీరు ఇంట్లో దాచిన విషయం అవుతుంది. ఇంట్లో దాచిన విషయం ఉన్న మనిషిని రేపెవరైనా దాన్ని అడ్డం పెట్టుకుని ఆడించొచ్చు. ఆ గోడ వెనక పనిచేసేవాళ్ళ గురించి మాకు ముందుగా వచ్చే భయం అదే."

"రెండూ కాదండి."

"కాదని మీరు చెబితే చాలదు. ఆ రోజు సంగతి మీవాళ్ళకి తెలుసని, దాచలేదని ఎవరైనా నాకు చెప్పాలి. ఇంకొక్కసారి వస్తాను, తర్వాత ఫైలు మూసేస్తాను. ఒక్క మాట, ఈసారి ఎవరికీ ఏమీ నేర్పకండి. నేర్పితే నాకు తెలిసిపోతుంది."

అంటే ఇంటికెళ్ళి, అమ్మా నిజం చెప్పవే అని కూడా అనకూడదు. అది కూడా నేర్పడమే అవుతుంది. నోట్లో మాట పెట్టుకుని, అమ్మ ఎదురుగా తిరుగుతూ, నోరు మూసుకుని ఉండడమంత నరకం ఇంకోటి లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదు. దానికి తోడు అమ్మ తన తప్పు దిద్దుకునే పనిలో పడింది. ఒక సాయంత్రం కాగితం పట్టుకుని నా ముందు నిలబడింది.

"ఇలా అంటే ఎలా ఉంటుందో విను. ఒక్కసారి మాత్రం, తన ప్రమేయం లేకుండా, పొరపాటున..."

"పొరపాటున కాదమ్మా. కావాలనే కూర్చున్నాను. ఏం చెప్పొద్దు. దయచేసి ఏమీ రాసుకోవద్దు, ఎవరికీ ఏమీ నేర్పొద్దు."

"నేనింక నోరే ఎత్తకూడదా?"

"ఆయన అడిగితే నీకేది అనిపిస్తే అది చెప్పు."

అమ్మ ఆ కాగితం మడిచింది. అనిపించింది చెప్పడమంటే ఏమిటో తెలియనట్టు నిలబడిపోయింది. నాకు జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు.

ఆయన మళ్ళీ వచ్చిన రోజు వాన పడేలా ఉంది. నేను పొద్దుటినుంచీ మెట్ల మలుపులోని కిటికీ దగ్గరే, కళ్ళల్లో వత్తులు వేసుకుని నిలబడ్డాను. ఆయన వీధి మలుపు తిరిగి, మా మేడ ముందుకి వచ్చి, గట్టు దాటబోతుంటే పిన్నీసు ఊడి తోలు సంచి కింద పడింది. కాగితాలు గట్టిగా పొదివి పట్టుకుని, అటూ ఇటూ చూసి, మిషనత్త గదిలోకి వెళ్ళారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాతో మాటల్లేని మనిషి ఆవిడ. మా మీద ఎంత విషం కక్కుతుందో. నేను గబగబా దిగి, కింది మలుపు దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాను. అక్కడికి మిషను చప్పుడుతో సహా అంతా వినిపిస్తుంది.

"రెండు కుట్లు వేస్తే సరిపోతుందండి, కూర్చోండి" అంటోంది మిషనత్త. "ఎవరింటికి వచ్చారు?"

"మూడో అంతస్తు అమ్మాయి గురించి."

"టీచరమ్మ కూతురా? నాకూ వాళ్ళకీ మాటల్లేవు. నన్నేమీ అడక్కండి." మిషను కాసేపు తిరిగింది, ఆగింది. "అయినా అడిగారు కాబట్టి చెబుతున్నా."

ఆయన అడగలేదు. ఆ మాట ఆయనా అనలేదు.

"ఆ పిల్లకి నోటిదురుసు. నా గుడ్డలు కోసే కత్తెర పట్టుకెళ్ళి రేకు కోసింది. తడిబట్టలు పిండకుండా ఆరేసి నా పనంతా తడిపింది. ఇంతా చేసి, ఏమే, పిండావా అంటే, పిండలేదత్తా, మర్చిపోయా అంటుంది. అలా వెంటనే ఒప్పేసుకుంటే ఇక నేను పోట్లాడేదేముంది చెప్పండి? పోట్లాట సరదా కూడా లేకుండా చేస్తుంది."

"అందరూ నెమ్మదస్తురాలు అంటున్నారు."

"ఎవరు, ఆ పిల్లా?" మిషనత్త నవ్వు మెట్లదాకా వచ్చింది. "ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నరోజు వ్యానెక్కిస్తుంటే కూడా నోరు మూయలేదట. స్టేషన్ ఆవరణలోంచి దీని గొంతు రోడ్డు అవతలికి వినిపించింది."

"రోడ్డు అవతలికని మీకెలా తెలుసు?"

"ఎలా తెలుసేంటండీ? మేం అక్కడే ఉన్నాం కదా. నేనూ, వాళ్ళమ్మా."

నేను మెట్టు అంచు పట్టుకున్నాను. వెనక ఎవరో ఉన్నట్టనిపించి తల తిప్పాను. అమ్మ రెండు మెట్లు పైన, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు దిగి వచ్చిందో, ఎంత విందో తెలియదు. నావైపు చూడడం లేదు.

"వ్యానెక్కించారని ఎవరో పరిగెత్తుకొచ్చి చెప్పారు" అంటోంది మిషనత్త. "టీచరమ్మ కాళ్ళకి చెప్పులు కూడా లేవు. నేను గది మూసేసి వెంట వెళ్ళాను. స్టేషన్ ఎదురుగా మూసేసిన సైకిల్ షాపు పక్కన నిలబడ్డాం, సాయంత్రందాకా. లోపలికెళ్ళి అడుగు వదినా అంటే వెళ్ళదు, ఇంటికి పోదాం రా అంటే రాదు. ఏడుస్తూనే ఉంది. చివరికి పిల్ల నవ్వుకుంటూ బయటికొచ్చింది. పిలవబోయాను, నా నోరు మూసి గోడ చాటుకి లాగేసింది. అక్కణ్ణించి సందులో పడి ఒకటే పరుగు, పిల్ల కన్నా ముందు ఇల్లు చేరాలని. నా ఆయాసం అప్పట్నుంచే."

"మరి మాటలెందుకు మానేశారు?"

"ఆవిడ మానేసింది, నేను కాదు. తడిబట్టలంటే అదొక వంక. ఏడుస్తుంటే చూసినదాన్ని కదండీ, రోజూ నా ముఖం ఎలా చూస్తుంది?"

అమ్మ నన్ను దాటి మెట్లు దిగింది. నేనూ వెనకే దిగాను. మిషనత్త సూది దగ్గర దారం తెంపి, మమ్మల్ని చూసి సంచి పక్కన పెట్టేసింది. ఆయన లేచారు.

"ఈవిడ చెప్పింది నిజమేనా అండి?"

అమ్మ నోరు తెరిచింది. పాఠం లేదు.

"నిజమేనండి" అంది. "స్టేషన్ గేటు దగ్గర కాపలా ఉన్నవాడు నా దగ్గర చదువుకున్నవాడు. వాడు చూస్తాడని నాకు కాళ్ళు కదల్లేదు. నా కూతురు లోపల ఉందిరా అని వాడితో అనలేకపోయాను. నా పిల్ల దొంగతనం చేయలేదు, ఏం చేయలేదు, తన పనిముట్లు తనకి కావాలంది. అది తలెత్తుకుని బయటికొచ్చింది. నేను గోడ వెనక ఉన్నాను. కన్నతల్లిని, గోడ వెనక ఉన్నాను. అది తలుచుకోలేక, ఆ రోజే లేదనుకున్నాను. అందరితోనూ లేదనిపించాను. సిగ్గు దానిది కాదండి, నాది."

"మీ అమ్మాయికి ఈ సంగతి తెలుసా?"

"నేను ఏమీ నేర్పలేదండి" అన్నాను. అడిగింది అది కాదని తర్వాత తెలిసింది. "వాళ్ళు అక్కడ నిలబడ్డారని నాకు ఇప్పుడే తెలిసింది."

ఆయన నా ముఖం, అమ్మ ముఖం, మిషనత్త ముఖం చూశారు. కాగితం తీసి, మిషను బల్ల మీదే పెట్టుకుని, చాలాసేపు రాశారు. తర్వాత సంచి భుజాన వేసుకుని, పట్టీ లాగి చూసుకున్నారు.

"ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే నాకు మళ్ళీ ఇంతదూరం వచ్చే పని తప్పేది" అని వెళ్ళిపోయారు.

ముగ్గురం ఆ ఇరుకు గదిలో నిలబడ్డాం. నాకు అమ్మని కౌగిలించుకోవాలనీ ఉంది, భుజాలు పట్టి కుదిపెయ్యాలనీ ఉంది. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "నువ్వడిగావా?" అంది అమ్మ. మిషనత్త ఒక స్టూలు మీది గుడ్డలు తీసి, "కూర్చో వదినా" అంది. అమ్మ కూర్చుంది.

అభ్యంతరం లేదన్న ఉత్తరం నెలాఖరుకి ముందే వచ్చింది. పోస్టు బాబాయి దాన్ని తనే తీసుకొచ్చి, పాత అలవాటు కొద్దీ నాచేత సంతకం పెట్టించుకోబోయారు.

మొదటిరోజు ఆ గోడ వెనక ఏం చూశానో, ఏం చేశానో చెప్పకూడదు. చెప్పనని సంతకం పెట్టాను. సాయంత్రం కొత్తగా చేరినవాళ్ళం అందరం గేటు దాటి బయటికొచ్చాం. గుర్తింపుకార్డుల మీద ఫొటోల్లో మా ముఖాలు చూసుకుని పగలబడి నవ్వుకుంటున్నాం. అప్పుడు రోడ్డుకి అవతల, ఒక పాత ప్రహరీ గోడ చివర, ఏదో చప్పున వెనక్కి పోయినట్టయింది. అంతకుముందైతే పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఎక్కడ చూడాలో నాకు తెలుసు. గోడ అంచు దాటి ఒక కళ్ళద్దం మెరిసింది. దాని పక్కన, ఎవరి మెడలోనో తీయడం మర్చిపోయిన కొలత టేపు చివర గాలికి ఊగుతోంది.

నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. చెప్పు పట్టీ బాగానే ఉన్నా వంగి సర్దుకున్నాను. దగ్గర దారి వదిలేసి చుట్టుదారి పట్టాను. దుకాణాల ముందు ఆగి నాకు అక్కర్లేని గిన్నెలు చూశాను. పొద్దుటినుంచీ ఇల్లు చేరాలని తొందరపడుతున్న కాళ్ళని బలవంతాన మెల్లగా నడిపించాను. వాళ్ళిద్దరూ పెద్దవాళ్ళు. సందులో పడి నాకన్నా ముందు చేరాలి.

మేడ దగ్గరికి వచ్చేసరికి మిషను జోరుగా తిరుగుతోంది. సూది కింద గుడ్డ లేదు. మిషనత్త ముఖం ఎర్రగా ఉంది, మెడలో టేపు ఉంది.

"ఇప్పుడేనా రావడం?" అంది, ఊపిరి కూడదీసుకుంటూ.

"ఇప్పుడే అత్తా. నువ్వు పొద్దుటినుంచీ కదల్లేదా?"

"నాకెక్కడ తీరిందే, ఇంత పని పెట్టుకుని."

పైన భోజనం వడ్డించి ఉంది. అమ్మ గోడకి ఆనుకుని, నుదురు తుడుచుకుంటూ, ఇప్పుడే తెరిచిన పుస్తకం చదువుతున్నట్టు కూర్చుంది.

"ఏం చేశావు ఇవాళ?"

"చెప్పకూడదమ్మా."

"సరే, చెప్పకు."

"నువ్వేం చేశావు?"

"ఏముంది, ఇంట్లోనే ఉన్నాను" అంది అమ్మ.

నేను ఇంకేమీ అడగలేదు. గ్లాసు నిండా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. అమ్మ దించకుండా తాగేసింది.